ఇద్దరు ఆన్‌లు: రెండు కెనడా రచనల్లో పెంపుడు బంధం

లూసీ మాడ్ మాంట్‌గోమరీ నవల ‘ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్’ 1908లో బోస్టన్‌లో అచ్చయింది. డ్రూ హేడెన్ టేలర్ నాటకం ‘సమ్‌డే’ 1991లో అంటారియోలో తొలిసారి రంగస్థలమెక్కింది. మొదటిది ప్రపంచమంతా చదివిన పుస్తకం. రెండవది కెనడా వెలుపల కొద్దిమందికే తెలిసినది. రెండింటిలోనూ ఆన్ అనే పేరుగల స్త్రీ ఉంది. మాంట్‌గోమరీ ఆన్ కన్నవారిని పోగొట్టుకొని పెంపుడింటికి చేరిన పిల్ల. టేలర్ ఆన్ తన బిడ్డను పెంపుడింటికి పోగొట్టుకున్న తల్లి. పేర్లు కలవడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని ఈ రచనలను పక్కపక్కన పెట్టి చదివితే, మొదటి ఆన్ కథలో లేవనెత్తే అవసరమే రాని ఒక ప్రశ్న రెండవ ఆన్ కథలో ప్రధానమవుతుంది. పెంపుడింట్లో కన్నతల్లికి చోటెక్కడ అన్నదే ఆ ప్రశ్న.

తెలుగులో దత్తత, పెంపకం ఒకటి కావు. దత్తతకు తంతు ఉంది. గోత్రం మారుతుంది, ఇంటిపేరు మారుతుంది, ఆస్తి సంక్రమిస్తుంది. పెంపకానికి అవేవీ అక్కరలేదు; తెచ్చుకొని సాకితే చాలు. ఆన్ షర్లీది ఈ లెక్కన పెంపకమే. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్‌లోని ఎవన్లీ గ్రామంలో అవివాహితులైన అన్నాచెల్లెళ్లు మాథ్యూ, మారిల్లా కత్‌బర్ట్ పొలం పనికి అక్కరకొస్తాడని ఒక అనాథ బాలుణ్ణి కోరుకుంటారు. పొరపాటున పదకొండేళ్ల ఆడపిల్ల వస్తుంది. అప్పటికే ఆ పిల్ల రెండిళ్లలో, ఒక అనాథాశ్రమంలో గడిపింది. హామండ్ గారింట్లో మూడు జతల కవలలను ఎత్తుకు మోసింది. పెంపకం పేరిట ఆమెకు దక్కింది చాకిరీయే.

ఈ పిల్ల మనకెందుకు పనికొస్తుందని మారిల్లా అడిగితే, మనమే ఆమెకు పనికిరావచ్చునేమో అంటాడు మాథ్యూ. నవలకు ఆయువుపట్టు ఆ మాట. అంతవరకు లాభనష్టాల బేరంగా ఉన్న పెంపకం అక్కడ తలకిందులైంది. మారిల్లా మనసు మాత్రం అంత త్వరగా మారదు. పిల్లను మరొకరికి అప్పగించడానికి బయలుదేరిన మనిషి, ఆ మరొకరి కర్కశత్వం కళ్లారా చూశాకే వెనక్కి తిరుగుతుంది. జాలితో మొదలైన బంధం ప్రేమగా మారడానికి నవల దాదాపు అయిదేళ్ల కాలాన్ని వెచ్చించింది. ఆ నిదానమే దాని బలం.

తెలుగు పాఠకులను ప్రత్యేకంగా ఆపే ఘట్టం ఒకటుంది. తనను ఇంట్లో ఉంచుకుంటున్నారని తెలిసిన రోజున ఆన్, మారిల్లాను అత్తా అని పిలవవచ్చునా అని అడుగుతుంది. తనకు అత్త గాని, అవ్వ గాని, అయినవాళ్లంటూ ఎవరూ లేరు. అలా పిలిస్తే నిజంగా మీదాన్నే అనిపిస్తుందంటుంది. మారిల్లా ఒప్పుకోదు. తనది కాని వరసతో పిలిపించుకోవడం ఆమెకు నచ్చదు; మారిల్లా అంటే చాలునంటుంది. బస్సులో పక్క సీటు మనిషితో కూడా పిన్ని అనో, బాబాయ్ అనో వరస కలిపే సమాజానికి ఇది కాఠిన్యంగా తోస్తుంది. అయితే ఆ కాఠిన్యంలో ఒక నిజాయితీ ఉంది. మారిల్లా తనది కాని స్థానాన్ని ఆక్రమించదు. ఆన్ ఇంటిపేరు కత్‌బర్ట్ కాదు, పెళ్లయ్యేవరకూ షర్లీయే. ఆమె కన్నవారు వాల్టర్, బెర్తా జ్వరంతో పోయారు కాని, వారి పేరు పోలేదు.

మాంట్‌గోమరీ ఈ సంగతిని స్వానుభవంతో ఎరిగిన మనిషి. 1874లో పుట్టిన ఆమెకు రెండేళ్లయినా నిండకముందే తల్లి క్షయతో మరణించింది. తండ్రి పశ్చిమ కెనడాకు వెళ్లిపోగా కావెండిష్‌లో అమ్మమ్మ, తాతయ్య పెంచారు. 1890లో తండ్రి, సవతి తల్లి దగ్గరికి ప్రిన్స్ ఆల్బర్ట్ వెళ్లి, ఇమడలేక మరుసటి ఏడాదే తిరిగి వచ్చింది. రక్తసంబంధం ఉన్నంత మాత్రాన ఇల్లు తనదైపోదని ఆమెకు తెలుసు.

ఇంత సున్నితమైన నవల మౌనం వహించిన చోట్లూ ఉన్నాయి. బ్రిటన్ నుంచి వచ్చే బర్నార్డో అనాథ బాలుణ్ణి తెచ్చుకుందామని మాథ్యూ అంటే మారిల్లా ససేమిరా అంటుంది. కెనడాలో పుట్టినవాడే కావాలంటుంది. 1869 నుంచి ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలం వరకు బ్రిటన్ నుంచి లక్షమందికి పైగా పేదపిల్లలు కెనడాకు వచ్చారు. ఎక్కువమంది పొలాల్లో, ఇళ్లలో పనికి కుదిరారు. వారిలో చాలామంది అనాథలు కారు. పేదరికం వల్ల తల్లిదండ్రులకు దూరమైనవారు. మారిల్లా మాటలో వారు అపాయకరమైన పరాయివారు మాత్రమే. ఆన్ కథలో ఈ చిక్కు లేదు. ఆమె తల్లిదండ్రులు మరణించారు గనుక ఆమె కోసం ఏడ్చేవారు వేరొక చోట లేరు. గ్రీన్ గేబుల్స్ సంతోషం నిర్మలంగా ఉండడానికి ఆ మరణాలే ఆధారం.

కన్నతల్లి బతికే ఉంటే? ‘సమ్‌డే’ నాటకం మొదలయ్యేది అక్కడే. టేలర్ అంటారియోలోని కర్వ్ లేక్ రిజర్వులో పెరిగిన ఓజిబ్వే రచయిత. ఆయన కల్పించిన ఆటర్ లేక్ రిజర్వులో ఆన్ వబంగ్ ముప్పై అయిదేళ్లుగా కూతురు గ్రేస్ కోసం ఎదురుచూస్తుంటుంది. భర్త సైన్యంలో చేరిన సంగతి బయటపడితే ఇండియన్ హోదా పోతుందన్న భయంతో ఆమె నోరు విప్పలేదు. భర్త వదిలేసిన స్త్రీ, బిడ్డను సాకలేదు అని అధికారులు పసిబిడ్డను తీసుకుపోయారు. ఆ బిడ్డ తెల్లవారింట జానిస్‌గా పెరిగి టొరాంటోలో న్యాయవాది అయింది.

దీని వెనుక చరిత్ర ఉంది. 1951లో ఇండియన్ చట్టానికి జరిగిన సవరణతో ప్రావిన్సుల శిశుసంక్షేమ చట్టాలు రిజర్వుల లోపల కూడా వర్తించసాగాయి. ఆ తరువాతి దశాబ్దాల్లో వేలాది ఆదివాసీ పిల్లలు తెల్లవారి ఇళ్లకు దత్తత వెళ్లారు. దీన్నే ‘సిక్స్‌టీస్ స్కూప్’ అంటారు. 1985లో మానిటోబా న్యాయమూర్తి ఎడ్విన్ కిమెల్‌మన్ తన నివేదికలో దీన్ని సాంస్కృతిక జాతిహననంగా పేర్కొన్నాడు. 2017లో అంటారియో న్యాయస్థానం కేంద్ర ప్రభుత్వాన్ని బాధ్యురాలిగా తేల్చింది. ఆ తీర్పులోని తప్పు పిల్లలను ప్రేమించకపోవడం గురించినది కాదు. వారు తమ ఆదివాసీ గుర్తింపును పోగొట్టుకోకుండా చూడకపోవడం గురించినది.

టేలర్ నాటకం పెంచినవారిని దుర్మార్గులుగా చూపదు. అందువల్లే దాని ప్రశ్న పదునెక్కింది. జానిస్‌కు చదువు, హోదా, సౌఖ్యం అన్నీ అందాయి. క్రిస్మస్‌కు కన్నతల్లి ఇంటికి వచ్చినప్పుడు తనను ఎందుకు వదిలేశారన్న ప్రశ్నకు జవాబు కావాలి. ఎవరూ వదిలేయలేదని తెలియగానే ఆమె తట్టుకోలేక వెళ్లిపోతుంది. తల్లి తప్పు చేసి ఉంటే కోపగించుకోవచ్చు, క్షమించవచ్చు. తప్పే లేనప్పుడు ఆ ముప్పై అయిదేళ్లను ఏం చేసుకోవాలి? తరువాతి నాటకం ‘ఓన్లీ డ్రంక్స్ అండ్ చిల్డ్రన్ టెల్ ద ట్రూత్’లో చెల్లెలు బార్బ్ ఆమెను వెతుక్కుంటూ టొరాంటో వస్తుంది. అప్పటికి తల్లి లేదు.

ప్రేమ ఉంటే చాలు, మూలాలతో పనేమిటని వాదించేవారికి జానిస్ ఒక జవాబు. మహాభారతంలో కర్ణుడు మరొక జవాబు. ఉద్యోగపర్వంలో పుట్టుక రహస్యం విన్నాక కూడా అతడు తనను సాకిన రాధను విడిచి రాడు. రాధేయుడిగానే యుద్ధానికి వెళ్లాడు. పెంచిన ప్రేమ ఓడిపోయేది కాదని ఆ ఘట్టం చెబుతుంది. కాని నిజం దాచడం వల్ల కలిగిన నష్టం కురుక్షేత్రం తరువాత కూడా తీరలేదు. మన చట్టంలోనూ ఈ రెండు సత్యాలకు చోటుంది. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం దత్తత రోజు నుంచి పుట్టింటి బంధాలన్నీ తెగిపోతాయి. అయినా పుట్టింట్లో ఎవరిని పెళ్లాడరాదో వారిని దత్తత తరువాత కూడా పెళ్లాడరాదు. రాతల్లో తెగిన రక్తం నిజంగా తెగలేదని చట్టమే ఒప్పుకుంది. మీ ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని వైద్యుడు అడిగినప్పుడు ఏ ఇంటి గురించి చెప్పాలో తెలియక ఆగిపోయే మనిషికి ఈ సంగతి మరొకరు వివరించనక్కరలేదు.

మాంట్‌గోమరీ కూడా తొలి నవలతో ఆగిపోలేదు. 1915లో వచ్చిన ‘ఆన్ ఆఫ్ ది ఐలండ్’లో యువతి అయిన ఆన్ తాను పుట్టిన ఇంటిని చూడడానికి బోలింగ్‌బ్రోక్ వెళుతుంది. అక్కడ తల్లిదండ్రుల పాత ఉత్తరాల కట్ట దొరుకుతుంది. వాటిని చదివాక ఇక తాను అనాథను కానని అనుకుంటుంది. అంతటి ఆప్యాయత పొందిన మనిషికి కూడా ఆ లోటు మిగిలే ఉందన్నమాట. ఉత్తరాలు దొరికినందువల్ల మారిల్లాకు తగ్గిందేమీ లేదు.

ఆ వరుసలోనే వచ్చిన ‘రిల్లా ఆఫ్ ఇంగిల్‌సైడ్’ నవలలో ఆన్ చిన్నకూతురి పూర్తి పేరు బెర్తా మారిల్లా. తొలి సగం కన్నతల్లిది, మలి సగం పెంచిన తల్లిది. అత్తా అని పిలిపించుకోవడానికి ఒప్పుకోని మారిల్లా ఆ విధంగా అమ్మమ్మ వరసకు చేరింది, బెర్తాను పక్కకు నెట్టకుండానే. గ్రేస్, జానిస్ అన్నవి కూడా ఒకే మనిషి పేర్లు. వాటిని పక్కపక్కన నిలిపే అవకాశాన్ని ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.