ఎనిమిదో పాయ ఎట్లుంటది?

ఇంకా సినిమా కాని ఒక సినిమాని వినడానికి మొన్న మెదక్ వెళ్లాను. వినడానికే అనుకున్నాను. తీరా వెళ్లాక, సీన్ల మధ్య వచ్చే వర్ణనలు చదవాల్సినతను రాలేదని తెలిసి ఆ పని నా నెత్తిన పడింది. కాబట్టి ఇది పూర్తిగా ప్రేక్షకుడి సమీక్ష కాదు. సగం నేరం నాది కూడా.

చర్చి గోపురం కనిపించే ఒక డాబా. నలభై దాకా ప్లాస్టిక్ కుర్చీలు, రెండు మైకులు, ఎనిమిది మంది చదివేవాళ్లు. వాళ్లలో డిగ్రీ పిల్లలే ఎక్కువ. రాసినతనిది ఈ ఊరే. స్క్రిప్టు ఫాంటసీ, పేరింకా ఖాయం కాలేదు. కథకి మూలం ఏడుపాయల. మంజీర అక్కడ ఏడు పాయలుగా చీలుతుంది. శివరాత్రి జాతరకి వెళ్లినవాళ్లందరికీ వనదుర్గమ్మ గుడితో పాటు ఆ నీళ్లూ గుర్తుంటాయి. జనమేజయుడు సర్పయాగం చేసింది అక్కడేనని స్థలపురాణం. మన రచయిత దాన్ని పట్టుకుని ఒక ప్రశ్న వేశాడు: యాగంలో కాలకుండా తప్పించుకున్న పాములు ఎటు పోయాయి? భూమి కింద పారే ఎనిమిదో పాయలోకి. తమ్ముణ్ణి వెతుక్కుంటూ పడవ నడిపేవాడి కూతురు ఆ పాయలోకి దిగుతుంది. ఇంత మంచి ఊహ ఈ మధ్య మన సినిమాల్లో నాకు తగల్లేదు.

చిక్కు ఇరవయ్యో సీన్‌లో వచ్చింది. అమ్మాయి మొదటిసారి ఎనిమిదో పాయని చూస్తుంది. నా ముందున్న కాగితం మీద ఉన్నది దాదాపు ఇంతే: మునుపెన్నడూ చూడని అద్భుతమైన లోకం, వేలాది పాములు, గ్రాఫిక్స్. చదివాను. నిశ్శబ్దం. ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ, ఎవరి నాయనమ్మో మరి, మామూలుగా అడిగింది: "గది ఎట్లుంటది బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. కాగితం మీదా లేదు.

స్క్రీన్‌ప్లేని జనం ముందు చదవడం వల్ల ఒరిగేదేంటి అని అడిగేవాళ్లకి నేనిచ్చే మొదటి జవాబు ఈ ప్రశ్నే. నిర్మాత ఆఫీసులో 'గ్రాఫిక్స్' అనే మాట చెల్లుతుంది. వినేవాళ్లు తమకు తెలిసిన నాలుగు పెద్ద సినిమాల్లోంచి నాలుగు బొమ్మలు తెచ్చుకుని ఆ ఖాళీని నింపేసుకుంటారు. డాబా మీద ఆ అప్పు పుట్టదు. రాసినవాడికి ఆ లోకం కనిపించిందా లేదా అన్నది ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

ఇది చిన్న ఊళ్లో చేతగాక చేసే పనేం కాదు. క్వెంటిన్ టరంటినో 'ది హేట్‌ఫుల్ ఎయిట్' స్క్రిప్టు 2014 జనవరిలో బయటికి పొక్కింది. సినిమా తీయనని అలిగిన ఆయనే ఏప్రిల్‌లో లాస్ ఏంజెలస్‌లో నటుల్ని కూర్చోబెట్టి, సీన్ వర్ణనలు తానే చదువుతూ, దాన్ని జనానికి వినిపించాడు. తర్వాత తిరగరాసి 2015లో సినిమాగా విడుదల చేశాడు. జేసన్ రైట్‌మన్ 2011 నుంచి అదే నగరంలో పాత సినిమాల స్క్రిప్టుల్ని ఇలాగే చదివించాడు. కానీ ఆ సినిమాలు జనానికి ముందే తెలుసు. కొత్త కథ, అందులోనూ ఫాంటసీ చదవడం వేరు. ఇక్కడ వినేవాళ్ల బుర్రలో అరువు తెచ్చుకోవడానికి బొమ్మ ఉండదు.

అసలు మనకి చెవులతో సినిమా చూడటం కొత్తా? రేడియోలో సంక్షిప్త శబ్ద చిత్రాలు విన్న తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. 'పాతాళ భైరవి' 1951 నాటిది. మార్కస్ బార్‌ట్లీ కెమెరా మాయలు తీసేసి ఒట్టి శబ్దం వినండి. పింగళి నాగేంద్రరావు రాసిన 'డింభకా' అనే ఒక్క పిలుపులో, ఎస్.వి. రంగారావు గొంతులో, మాంత్రికుడి గుహంతా ఉంటుంది. 1957 నాటి 'మాయాబజార్'లో కంబళి పక్కన గింబళి, తల్పం పక్కన గిల్పం చేరగానే మనం వేరే లోకంలో ఉన్నామని తెలిసిపోతుంది. దానికి ఏ సెట్టూ అక్కర్లేదు. పింగళి ఫాంటసీని ముందు భాషలో కట్టాడు, తర్వాతే అది తెర మీదికి వెళ్లింది. 'పాతాళ భైరవి'కి ఛాయ ఉందని చెప్పే కాశీమజిలీ కథలు కూడా దారి పొడుగునా ఒకడు చెబుతుంటే ఇంకొకడు వినేవే.

మన స్క్రిప్టు రెండోసారి తడబడింది భాష దగ్గరే. నాగరాజు, మంత్రి, రాణి పుస్తకాల భాష మాట్లాడతారు. పడవ నడిపేవాడు, ఇద్దరు దొంగలు మాత్రం మెదక్ మాట మాట్లాడతారు, అదీ నవ్వించడానికి. కథానాయిక పడవవాడి కూతురే అయినా పాయలోకి దిగాక ఎందుకో ఆమె మాట కూడా మారిపోతుంది. చదివే పిల్లలు ఆ డైలాగుల్ని పాఠం అప్పజెప్పినట్టు చదివారు. తప్పు వాళ్లది కాదు, అది వాళ్ల నోట్లో మాట కాదు.

తర్వాత ముసలి పాముతో బేరం సీన్ వచ్చింది. దాటించినందుకు నీ పేరు నాకిచ్చేయ్, ఆ పేరుతో ఇక నిన్నెవరూ పిలవరు అంటుంది పాము. కాగితం మీద జవాబు: "నా సోదరుని అప్పగించనిదే నేనిచ్చటి నుండి కదలను." చదువుతున్న అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "నా తమ్మున్ని ఇయ్యి. ఇచ్చేదాంక ఈడికెల్లి కదల" అంది. ఫోన్లు చూసుకుంటున్న వెనక వరస తలెత్తింది. పాము చదువుతున్న కుర్రాడు కూడా అదే మాటలోకి దిగాడు. ఎవరూ నవ్వలేదు. ఆ నాలుగు నిమిషాలే ఆ సాయంత్రానికి ప్రాణం.

అయిపోయాక రచయితని అడిగాను, ఎందుకలా రాశావని. "రాజు మన మాట మాట్లాడితే జనం నవ్వుతరన్నరన్నా" అన్నాడు. అన్నదెవరో అడగలేదు. ఎవరో ఒకరు అనే ఉంటారు, చాలా ఏళ్లుగా అంటూనే ఉన్నారు. మన భాషలో ప్రేమ, పోరాటం, పెళ్లి తెర మీదికొచ్చాయి. అద్భుతం మాత్రం ఇంకా పరాయి మాటలోనే రావాలా? ఇదే మెదక్, సిద్దిపేట చుట్టుపక్కల ఒగ్గుకథ చెప్పేవాళ్ల నోట మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ ఈ మాటలోనే దేవుళ్లయ్యారు. వింటూ ఏడ్చినవాళ్లున్నారు.

ఒగ్గుకథ గుర్తొచ్చింది కాబట్టి, వర్ణన ఎవరు చదవాలన్న సమస్య కూడా వాళ్లెప్పుడో తేల్చుకున్నారు. ప్రధాన కథకుడే ఊరు ఎట్లుందో చెబుతాడు, మరుక్షణం రాజవుతాడు, కండువా సర్దుకుని ఆడమనిషి అవుతాడు. పక్కవాడు వంత పాడుతూ మధ్యలో ప్రశ్న వేస్తాడు. అవ్వ ఆ రోజు వేసింది అచ్చం అలాంటి ప్రశ్నే. మనమేమో వర్ణన ఒకడికి, డైలాగ్ ఇంకొకడికి పంచి, వినేవాళ్లని నోరెత్తకుండా కూర్చోబెట్టాం.

ఇక నా నేరం. ఇరవయ్యో సీన్ తర్వాత భయపడి నా గొంతులో నాటకం పెంచాను. ఉన్నది రెండు ముక్కలే అయినా వణికిస్తూ, ఆగుతూ చదివాను. అలా స్క్రిప్టులో ఉన్న బొక్కల్ని నేనే పూడ్చేశాను. చదువు నిజం చెప్పాలంటే వర్ణన చదివేవాడు సాదాగా చదవాలి.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. అమ్మాయి ఒంటరిగా మోకాలి లోతు నీళ్లలో నడిచే సీన్ ఒకటుంది, ఒక్క మాట లేదు. డాబా మీద అది చప్పగా పోయింది. మంచి దర్శకుడి చేతిలో పడితే సినిమా మొత్తానికి అదే గుర్తుండిపోవచ్చు. చదువు ఎప్పుడూ మాటలున్న సీన్ల పక్షమే వహిస్తుంది. అందుకని దీన్ని తీర్పు అనుకోకూడదు. కానీ కోట్లు పెట్టి తీశాక తెలిసే కొన్ని సంగతులు నలభై కుర్చీల అద్దెతో తెలుస్తాయంటే, ప్రతి ఊళ్లో ఇది జరగాలనే అంటాను.

అవ్వ ప్రశ్నకి జవాబు మాత్రం వచ్చింది. కుర్చీలు సర్దుతున్నప్పుడు రచయిత ఆమె దగ్గరికెళ్లి కూర్చున్నాడు. "మన పాత బాయి లెక్కుంటదవ్వా. మీదికెల్లి సూస్తె నీ మొఖమే అవుపడ్తది గని, ఆ మొఖం నిన్ను సూడది."

అవ్వ కొంగు నిండా కప్పుకుంది. నేను స్క్రిప్టులో ఇరవయ్యో సీన్ మళ్లీ తిప్పి చూశాను. ఆ మాట అక్కడ లేదు. రాసుకొమ్మని చెప్పి బస్సెక్కాను.