ఎర్ర అట్ట పుస్తకం

కిరాణా కొట్లో గల్లాపెట్టె పక్కన ఎర్రగుడ్డ అట్టతో ఒక పద్దుల పుస్తకం ఉండేది, గుర్తుందా? బెంగాలీలు దాన్ని ఖేరోర్ ఖాతా అంటారు. సత్యజిత్ రాయ్ స్క్రిప్టులు రాసుకున్నది అందులోనే. ఒక పేజీలో సంభాషణ, దాని పక్కనే షాటు బొమ్మ. అంచున ఎవరిదో ముఖం, ఎవరిదో చీరకట్టు. ఇంకోచోట బాణీకి స్వరాలు.

ఆ పుస్తకాల మీద నాకు మోజు ఊరికే పుట్టలేదు. నా మొదటి స్క్రిప్టు ఇంటర్వెల్ దాకా గుర్రంలా పరిగెత్తి అక్కడ చతికిలబడింది. వన్‌లైన్ ఆర్డర్ ఉంది, సీన్లున్నాయి, కూర్చుని రాయబుద్ధి మాత్రం కాదు. రోజుకు మూడు పేజీలు రాయమన్నారు, తెల్లారగట్ట లేవమన్నారు. లేచాను. కాఫీ తాగాను.

రాయ్ 1943లో కలకత్తాలో ఒక ప్రకటనల కంపెనీలో నెలకు 80 రూపాయల జీతానికి చేరాడు. ఆ రోజుల్లో ఆయనకో విచిత్రమైన సరదా ఉండేది. ఫలానా నవలను సినిమాగా తీస్తున్నారని ప్రకటన రాగానే దానికి తనే ఒక స్క్రీన్‌ప్లే రాసుకునేవాడు. సినిమా విడుదలయ్యాక రెండూ పోల్చుకునేవాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బివ్వరు, ఆ సినిమా తనది కానేకాదు. సాధకుడు ఎవరూ వినకపోయినా సరళీ స్వరాలు పాడుకున్నట్టు.

టాగూరు నవల ‘ఘరే బాయిరే’కు 1940లలో రాసిన స్క్రిప్టు ఒప్పందం దాకా వెళ్లింది. నిర్మాత మార్పులు అడిగాడు, రాయ్ కుదరదన్నాడు, సినిమా ఆగిపోయింది. అప్పుడు బాధపడ్డా, చాలా ఏళ్ల తర్వాత ఆ కాగితాలు తిరగేసి, అది తెరకెక్కకపోవడమే మంచిదయిందనుకున్నాడు. హాలీవుడ్ వాసన కొట్టిందట. అదే నవలను మళ్లీ మొదటినుంచి రాసుకుని 1984లో తీశాడు. మొదటి వెర్షన్‌ను శిలాశాసనంలా చూసుకుని వణికే నాలాంటివాళ్లకు ఈ ఒక్క సంగతి చాలు.

అసలు పనితనం తన మొదటి సినిమా ‘పథేర్ పాంచాలి’లో చూడాలి. దానికి మనం అనుకునే అర్థంలో పూర్తి స్క్రిప్టే లేదు. 1950లో లండన్‌ నుంచి ఓడలో తిరిగొస్తూ కొన్ని నోట్సు రాసుకున్నాడు. తర్వాత కథను వరసగా నల్ల సిరా బొమ్మల్లో గీశాడు. మాటలు చాలావరకు విభూతిభూషణ్ నవలలోనే ఉన్నాయి, ఆ నవల పిల్లల ప్రతికి బొమ్మలేసినప్పుడే అది ఆయన తలకెక్కింది. మాట కదలనప్పుడు చెయ్యి కదులుతుంది, పని ఆగదు. మన బాపు కూడా షాట్లు ముందే గీసుకున్నవాడు, కొన్నాళ్లు ప్రకటనల ఏజెన్సీలో పనిచేసినవాడు. ఇది కాకతాళీయమని నేననుకోను.

బొమ్మలో ఆలోచిస్తే ఏమొస్తుందో ‘పథేర్ పాంచాలి’లోని వాన ఘట్టం చెబుతుంది. చెరువు నీటి మీద పురుగుల గంతులు, తామరాకుల మీద గాలి. గాలం వేసుకు కూర్చున్న పెద్దమనిషి బట్టతల మీద మొదటి చినుకు టప్పున పడుతుంది. మనం నవ్వుతాం. అదే వానలో కథలోని అమ్మాయి దుర్గ జుట్టు విరబోసుకుని తడుస్తుంది, అదే తడి జ్వరమై ఆమెను తీసుకుపోతుంది. చావుకు దారి తీసే వానను నవ్వుతో మొదలుపెట్టడానికి ఎంత గుండె నిబ్బరం కావాలి! ‘వర్షం మొదలవుతుంది’ అని ఒక్క ముక్క రాసి ముందుకెళ్లిపోయే చేతికి ఆ బట్టతల దొరకదు.

ఆ బొమ్మల పుస్తకం పట్టుకుని నిర్మాతల చుట్టూ తిరిగాడు. ఒక్కరూ ముందుకు రాలేదు. ఉద్యోగం వదలకుండా 1952 అక్టోబర్ 27న రెల్లుపూల పొలంలో షూటింగ్ మొదలుపెట్టాడు. వారం తర్వాత వెళితే పూలన్నీ పశువులు మేసేశాయి. మళ్లీ పూలు పూసేదాకా ఏడాది ఆగాడు. కలకత్తాలో సినిమా విడుదలైంది 1955 ఆగస్టు 26న.

ఒక మాట ఒప్పుకోవాలి. నవల చేతిలో ఉన్నవాడికి సాగిన పద్ధతి సొంత కథ రాసేవాడికి అచ్చంగా సాగదు. రాయ్ కూడా పూర్తిగా తన కథతో మొదటిసారి స్క్రీన్‌ప్లే రాసింది 1962 నాటి ‘కాంచన్‌జంఘా’కే, అప్పటికి చేతిలో చాలా సినిమాలున్నాయి. బొమ్మలు రానివాళ్ల సంగతేమిటంటారా? నాకూ రావు. పుల్లల మనుషుల్ని గీశాను, ఆగిన సీను కదిలింది.

‘పథేర్ పాంచాలి’ నల్ల సిరా బొమ్మలు 2016లో పుస్తకంగా అచ్చయ్యాయి. నవల తెలుగులో మద్దిపట్ల సూరి అనువాదంగా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒక్క ఆదివారం కూర్చోండి. మీ స్క్రిప్టు ఫైలు సోమవారం తెరవొచ్చు.