ఆంగ్లవ్యవహారమున చలనచిత్ర పదములు

ఆంగ్లవ్యవహారమునందలి చలనచిత్ర పదములు రెండు దిక్కుల పయనించినవి. కొన్ని వెలుపలినుండి చిత్రరంగమునకు వచ్చినవి. 'ఫిల్మ్' అనగా మొదట పలుచని పొర. 'బ్లాక్‌బస్టర్' రెండవ ప్రపంచయుద్ధకాలమున ఒక పెనుబాంబునకు పేరు. పిదప ఘనవిజయము నందిన చిత్రమునకు చెల్లినది. మరికొన్ని చిత్రములనుండి లోకములోనికి వెడలినవి. ఫెలీనీ 1960లో వెలువరించిన 'లా డోల్చే వీటా'లో పాపరాట్సో ఒక ఛాయాగ్రాహకుని పేరు. అది బహువచనమున 'పాపరాట్సీ' యై, ప్రముఖులను వెంటాడు ఛాయాగ్రాహకులకు జాతివాచకమైనది.

వీనిలో మిక్కిలి విచారణీయము 'గ్యాస్‌లైట్'. పాట్రిక్ హామిల్టన్ 1938 నాటి నాటకము 1944లో జార్జ్ క్యూకర్ దర్శకత్వమున హాలీవుడ్ చిత్రమైనది. అందు భర్త కపటముచే భార్య తన బుద్ధినే తాను శంకించును. ఇంటి గ్యాసుదీపము మందగించుటయు తన భ్రమయేమో యని కలతపడును. ఇట్టి వంచనకే ఆ పేరు క్రియగా రూఢమైనది. 2022లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటు సంస్థ దీని రూపమైన 'గ్యాస్‌లైటింగ్'ను ఆ యేటి పదముగా ప్రకటించినది.

నేడు సామాన్యమైన అబద్ధమునకును, కేవలాభిప్రాయభేదమునకును గూడ ఈ పదమునే వాడువారు కలరు. అర్థవ్యాకోచము భాషకు సహజమే. కాని 'పాపరాట్సీ' వ్యాప్తి భాషకొక కొత్త యర్థము నొసగినది. దీని వ్యాప్తి ఉన్న యర్థమును హరించుచున్నది. అబద్ధమునకు మాటలు పెక్కు కలవు. ఈ వంచనకు ఇంత నిర్దుష్టమైన మాట అరుదు. నిఘంటుకర్త వ్యవహారమును నమోదు చేయక తప్పదు. విమర్శకుడు ఈ నష్టమును గుర్తింపకయు తప్పదు.