కోనసముద్రం ఉక్కుకు ఎంత వేడి కావాలి?

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారు. 1820ల ప్రాంతంలో హైదరాబాద్ రాజ్యంలో తిరిగిన భూగర్భ పరిశోధకుడు హెన్రీ వాయిసీ ఆ సంగతి రాసిపెట్టాడు. అటువంటి ముద్దలే పశ్చిమాసియా కొలుముల్లో అలల గీతలున్న డమాస్కస్ కత్తులయ్యాయి. ఐరోపా కమ్మరుల చేతిలో మాత్రం సుత్తి దెబ్బకు పొడిపొడిగా రాలిపోయాయి.

తప్పంతా కాల్చిన తీరులోనే ఉంది. వాళ్లకు అలవాటైంది కార్బన్ అంతగా లేని మెత్తటి ఇనుము. తెల్లగా కాగేదాకా కాల్చి కొట్టినా తట్టుకుంటుంది. మన ముద్దలో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. కార్బన్ పెరిగేకొద్దీ ఉక్కు తక్కువ వేడికే కరుగుతుంది. తెలుపు తేలేసరికి లోపలి రేణువుల అంచులు వదులైపోతాయి. దీన్ని ఎరుపులోనే, మహా అయితే నారింజ రంగులో కొట్టాలి. అంతకు మించితే అలల గీతలుగా కనిపించే కార్బైడ్లు, అంటే ఇనుము కార్బన్‌తో కలిసిన గట్టి పదార్థం, ఉక్కులో కరిగిపోతాయి. అవి ఉన్నది అందం కోసమే అనుకోకూడదు. వేడికి రేణువులు ఒకదాన్నొకటి మింగి పెరగకుండా అడ్డుకునేవి అవే.

రేణువు పెరిగిందో లేదో విరిచి చూస్తే తెలుస్తుంది. లారీ కమాను పట్టీ ముక్కలు రెండు తీసుకుని, ఒకదాన్ని పసుపు రంగు వచ్చేదాకా కాల్చి, రెండోదాన్ని ఎరుపు దగ్గరే ఆపి, నూనెలో ముంచి విరవండి. మొదటిది సులువుగా విరుగుతుంది. విరిగిన చోట పటికబెల్లం ముక్కలా తళతళలాడుతుంది. రెండోది చేతిని ఎదిరిస్తుంది. విరిగిన చోట బూడిదరంగులో, మెరుపు లేకుండా, నున్నగా ఉంటుంది. తళుకు కనిపించిన ఉక్కుతో కత్తి చేస్తే అంచు పెచ్చులూడుతుంది. ఎంత సాన పట్టినా లాభం లేదు.

ఆ ఎరుపును పట్టుకోవడమే అసలు విద్య. ఎండలో రంగు మోసం చేస్తుంది కనుక కొలిమి నీడపట్టున ఉండాలి. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటడం మానేస్తుంది. అక్కణ్నుంచి మరికాస్త కాగితే ముంచే వేళ వచ్చినట్టే. సుత్తి పనిలో పొరపాటున వేడి ఎక్కువైతే మూడుసార్లు, ప్రతిసారీ కాస్త తగ్గించి, కాల్చి గాలికి ఆరనిస్తారు. ఉక్కు లోపలి అమరిక మారిన ప్రతిసారీ పాత పెద్ద రేణువుల స్థానంలో కొత్తవి, చిన్నవి పుడతాయి. ముంచాక గాజులా పెళుసెక్కిన అంచును 200 డిగ్రీలు దాటించి, గడ్డిరంగు తేలేదాకా మళ్లీ కాచడం మామూలే.

అమెరికాలో లోహశాస్త్రవేత్త జాన్ వెర్‌హోవెన్, కత్తులు చేసే ఆల్‌ఫ్రెడ్ పెండ్రే కలిసి ఆ పాత కత్తుల గుట్టు వెతికారు. ఉక్కులో లేశమాత్రంగా ఉన్న వనేడియం లాంటి లోహాలు కార్బైడ్లను వరుసలు కట్టిస్తాయని తేల్చారు. వేడెక్కువై చెరిగిపోయిన గీతలు కూడా, తగిన వేడిలో కాచి చల్లార్చడం పదేపదే చేస్తే, తిరిగి తేలాయి.