పాటలో స్త్రీకి చోటెక్కడ?

సినిమా పాటల్లో స్త్రీలను కించపరిచే నృత్య భంగిమలను మానుకోవాలని 2025 మార్చిలో తెలంగాణ రాష్ట్ర మహిళా కమిషన్ చిత్ర పరిశ్రమకు సూచించడం తగిన పనే అయినా, చర్చంతా స్టెప్పుల చుట్టూనే తిరగడంతో పాటలోని సాహిత్యం పెద్దగా ప్రశ్నకు నిలవలేదు. యూట్యూబ్ ద్వారా ఊరూరా వినిపిస్తున్న ర్యాప్ విషయంలో ఆ ప్రశ్న మరింత అవసరం, ఎందుకంటే అందులో రాగం కన్నా మాటదే పెత్తనం.

తాళానికి తగ్గట్టు ప్రాసలతో, విరుపులతో మాటలను వేగంగా చెప్పే ర్యాప్, 1970లలో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతపు నల్లజాతి యువత వేడుకల్లో రూపుదిద్దుకుంది. లోకం చిన్నచూపు చూసినవాడు మైకు పట్టి తన గొప్ప తానే చాటుకోవడం ఆ కళకు మొదటినుంచీ ఉన్న లక్షణం, అందులో ఆత్మగౌరవమూ ఉంది. అయితే ఆ గొప్పలు కారు, గొలుసు, వాచీ అంటూ ఆస్తుల చిట్టాగా మారినచోట స్త్రీ కూడా ఆ చిట్టాలో చేరి, ప్రాస కుదిర్చే సరుకుగా మిగులుతుంది. ఈ అవమానం బూతు మాట ఒక్కటీ లేకుండానే జరిగిపోతుంది గనుక, బహిరంగ స్థలంలో అశ్లీల గీతం పాడితే మూడు నెలల వరకు జైలుశిక్ష విధించే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్‌కు అది చిక్కదు.

అశ్లీలాన్నే కొలబద్దగా పెట్టుకుంటే ఏమవుతుందో తెలుగువారికి తెలియనిది కాదు. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని స్త్రీ కోరికను స్త్రీ గొంతుతోనే చెప్పిన ‘రాధికా సాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రచురిస్తే, బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని అశ్లీలమని నిషేధించింది, ఆ నిషేధం తొలగడానికి 1947 దాకా ఆగవలసివచ్చింది. శృంగారం చెప్పడమే తప్పయితే మొదట నోరు మూయించేది స్త్రీలనే. కనుక చూడవలసింది పాటలో శృంగారం ఉందా లేదా అన్నది కాదు, అందులో స్త్రీ మాట్లాడే మనిషా, చూడదగిన వస్తువా అన్నది.

స్త్రీ మాట్లాడే మనిషిగా ఉండే పాట మనకు కొత్త కాదు. హనుమకొండలో పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మ నాడు ఒకామె చరణం ఎత్తుకుంటే, చుట్టూ తిరిగే వాళ్లంతా వంగి చప్పట్లు చరుస్తూ ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. పాడేదీ వినేదీ స్త్రీలే అయిన ఆ వలయంలో పుట్టింటి బెంగ, అత్తింటి కష్టం, దేవతల కథలు అన్నీ పాటకెక్కుతాయి. అణిగిమణిగి ఉండమని కోడలికి బుద్ధి చెప్పే పాటలూ వాటిలో ఉన్నాయన్నది దాచవలసిన పని లేదు. కానీ ఆ మాటకు బదులు చెప్పే అవకాశం తర్వాతి చరణం ఎత్తుకునే ఆమెకు ఉంటుంది.

ర్యాప్‌లోనూ అటువంటి బదులు పలికింది. వీధిలో స్త్రీలను తిట్టుపేర్లతో పిలిచే మగవాళ్లను నిలదీస్తూ అమెరికా ర్యాపర్ క్వీన్ లతీఫా 1993లో విడుదల చేసిన ‘యునిటీ’కి 1995లో గ్రామీ పురస్కారం దక్కింది. వరంగల్ కళాశాలల ఉత్సవాల్లో ర్యాప్ పోటీలు పెట్టేవారు ప్రాసకూ వేగానికీ మార్కులు వేసేటప్పుడు, ఆ పాటలో స్త్రీ ఏం చేస్తోంది, ఏం అంటోంది అని కూడా అడగాలి; ఆ పోటీల్లో అమ్మాయిలకు మైకు అందేలా ముందుగానే చూడాలి.