కావడిలోని బరువా, కన్నవారా? – తెలుగు సాహిత్య స్మృతిలో వైకల్యం గల తల్లిదండ్రులు

1. ప్రవేశిక:

తీవ్రమైన శారీరక వైకల్యం గల తల్లి గాని, తండ్రి గాని బిడ్డను పెంచుతున్నప్పుడు సమాజం వారిని పోషకులుగా కాక పోషింపబడేవారిగా చూస్తుంది. ఈ చూపును బలపరచిన సాహిత్య స్మృతిని రెండు ఇతిహాస కుటుంబాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. అంధముని దంపతులు:

శ్రవణకుమారుడి పేరు వినగానే తెలుగువారికి కావడి గుర్తుకు వస్తుంది. వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో దశరథుడు కౌసల్యకు చెప్పిన కథలో కావడి లేదు, నీటికుండ ఉంది. కుండ నిండే చప్పుడును ఏనుగు ధ్వనిగా భ్రమించి దశరథుడు బాణం వేస్తాడు. అతని అడుగుల సవ్వడి విన్న ముని కొడుకే వచ్చాడనుకొని ఆలస్యమెందుకైందని అడుగుతాడు. తల్లి కలవరపడుతున్నదని చెబుతాడు. నిజం తెలిశాక, తెల్లవారుజామున శాస్త్రం చదివే ఆ గొంతు ఇక వినిపించదని విలపిస్తాడు.

ఆలస్యానికి మందలించడం, రాకకై కలవరపడటం, చదువును చెవి ఒగ్గి వినడం పెంపకంలోని పనులే. దశరథుడి వినికిడి ప్రాణం తీసింది. ముని వినికిడి బిడ్డను కనిపెట్టుకొని ఉంది. తమకు తిండి పెట్టేదెవరన్న దుఃఖమూ ఆ విలాపంలో ఉంది. ఆధారపడటం, పెంచడం రెండూ అక్కడ కలిసే ఉన్నాయి. కావడి బొమ్మ మొదటిదాన్ని నిలిపి రెండవదాన్ని మరిపించింది.

3. ధృతరాష్ట్రుడు – గాంధారి:

పెద్దవాడైనా చూపు లేనందున ధృతరాష్ట్రుడికి రాజ్యార్హత దక్కలేదు. కొడుకును అదుపు చేయకపోవడం అతని దోషమే. అయితే విదురుడి హితవు అతనికి వినిపించింది, అర్థమైంది, ఆచరణలోనే లోపించింది. ఈ నైతిక వైఫల్యాన్ని లోకం ‘గుడ్డిప్రేమ’ అని కంటికి అంటగట్టింది. గాంధారి కూడా కళ్లకు గంతలు కట్టుకున్నదే. అయినా ఉద్యోగపర్వంలో దుర్యోధనుణ్ణి సభకు పిలిపించి మందలించింది. ఇద్దరికీ చూపు లేదు, కొడుకు ఒక్కడే, నడవడి మాత్రం వేరు. కనుక దోషం కంటిది కాదని కావ్యమే నిరూపిస్తున్నది.

4. చట్టం – నేల:

ఐక్యరాజ్యసమితి 2006 ఒడంబడికలోని 23వ అధికరణం తల్లిదండ్రుల వైకల్యం కారణంగా బిడ్డను వేరు చేయరాదని, పెంపకంలో వారికి సహాయం అందించాలని చెబుతుంది. భారతదేశం దీనిని 2007లో ఆమోదించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ వైకల్యం గల మహిళలకు జీవనోపాధిలో, పిల్లల పెంపకంలో తోడ్పాటును పేర్కొంటుంది. ఆ అంశంలో తండ్రుల ప్రస్తావన లేదు.

జగిత్యాల జిల్లా మల్లాపూర్, కోరుట్ల మొదలుకొని సిరిసిల్ల వరకు బీడీల పని, గల్ఫ్ వలస ఉన్న ప్రాంతం. భర్త దేశాంతరంలో ఉన్న ఇంట్లో బిడ్డ బాధ్యత అమ్మమ్మకో, నాయనమ్మకో, ఇరుగుపొరుగుకో కొంత చేరుతుంది. దానిని ఎవరూ తల్లి అసమర్థతగా లెక్కించరు. అదే సాయం వైకల్యం గల తల్లి అందుకుంటే మాత్రం అసమర్థతకు సాక్ష్యమవుతుంది. ఇక్కడ కొలమానమే లోపభూయిష్ఠం.

5. ముగింపు:

సిరిసిల్లకు చెందిన బూర రాజేశ్వరి కాలితో రాసిన కవిత్వం, వైకల్యం గల వ్యక్తి ఉపమానంగా మిగలక వక్తగా నిలవగలరని చూపింది. తల్లిదండ్రుల విషయంలోనూ అటువంటి స్వీయ స్వరం తెలుగు సాహిత్యానికి అవసరం. అంతవరకు విమర్శ చేయదగిన పని ఒకటుంది: కావడిని పక్కన పెట్టి, కొడుకు గొంతు కోసం చెవి ఒగ్గిన ఆ తండ్రిని తిరిగి చదవడం.