పాఠ్యపుస్తకములలో అధ్యారోపణ సిద్ధాంతము

విద్యుద్వలయములను గూర్చిన ఏ పాఠ్యపుస్తకము తెరచినను అధ్యారోపణ సిద్ధాంతమునకు ఒక పుట, ఒక పటము, ఒక లెక్క కనబడును. ఒకటికంటె ఎక్కువ బ్యాటరీలున్న వలయములో ఏ శాఖయందలి ప్రవాహమైనను, ఒక్కొక్క బ్యాటరీ ఒంటరిగా పనిచేసినపుడు ఆ శాఖలో కలుగు ప్రవాహముల బీజీయ మొత్తమునకు సమానమని నిర్వచనము. తరువాత లెక్క, దాని జవాబు. అంతటితో సరి. ఈ పుటలో తప్పున్నదని నేననను. కాని వ్రాసినదానికంటె వ్రాయక విడిచినదే విద్యార్థిని ఎక్కువ పెడదారి పట్టించుచున్నది.

పేరును గూర్చి ఒక చిన్న మాట. వేదాంతులకు అధ్యారోపమనగా త్రాటియందు పామును చూచుట, అనగా లేనిదానిని ఉన్నట్లు తలచుట. భౌతికశాస్త్రములో ఒకదానిపై నొకటి పేర్చుట అను అర్థమున దీనిని వాడుచున్నాము. తరగతిలో ఈ భేదము చెప్పుటకు ఒక నిమిషము చాలును.

ఒక లెక్క తీసికొందము. రెండు బిందువుల మధ్య మూడు శాఖలు సమాంతరముగా ఉన్నవి. మొదటిదానిలో 12 వోల్టుల బ్యాటరీ, 6 ఓముల నిరోధము. రెండవదానిలో 6 వోల్టుల బ్యాటరీ, 3 ఓముల నిరోధము. మూడవదానిలో 2 ఓముల నిరోధము మాత్రమే. బ్యాటరీల ధనధ్రువములు రెండును ఒకే బిందువు వైపున ఉన్నవి. 6 వోల్టుల బ్యాటరీని తీసివేసి ఆ చోట తీగ కలిపినచో 2 ఓముల నిరోధములో 1 ఆంపియరు ప్రవహించును. 12 వోల్టుల దానిని తీసివేసి అట్లే చేసినను 1 ఆంపియరే. రెండును ఉన్నపుడు 2 ఆంపియర్లు. కిర్కాఫ్ నియమములతో చేసి చూచినను ఇదే జవాబు వచ్చును.

ఎందుకు వచ్చును? ఈ ప్రశ్న మన పుస్తకములలో తరచుగా కానరాదు. కిర్కాఫ్ 1845లో ఇచ్చిన నియమముల ప్రకారము వ్రాయు సమీకరణములలో ప్రవాహములు మొదటి ఘాతములోనే ఉండును. ప్రవాహముల వర్గములు గాని, వాటి పరస్పర గుణకారములు గాని ఉండవు. కావున బ్యాటరీల వోల్టులు జవాబులో కూడికగానే చేరును. ఈ రెండు వాక్యములు వ్రాసియుంటే తరువాతి చిక్కులలో సగము తీరియుండెడివి.

మొదటి చిక్కు ‘తొలగించుట’ అను మాటలో ఉన్నది. బ్యాటరీని తొలగించుమనగా విద్యార్థి దానిని ఊడదీసి ఆ శాఖను తెగియుండగా వదలివేయును. అప్పుడు మన వలయములో మొదటి బ్యాటరీ 1.5 ఆంపియర్లు, రెండవది 1.2 ఆంపియర్లు ఇచ్చును. మొత్తము 2.7, నిజమైనది 2. తొలగించవలసినది బ్యాటరీ యొక్క విద్యుచ్చాలక బలమును మాత్రమే, ఆ శాఖను కాదు. 1853లో హెల్మ్‌హోల్ట్స్ ఈ సూత్రమును ప్రకటించినపుడు ఆయన దృష్టిలో ఉన్నవి జంతువుల కండరములలోని విద్యుత్తును గూర్చిన ప్రయోగములు. కండరములోని విద్యుజ్జనకములను ఒక్కొక్కటిగా ఊడదీయుట ఎవరి తరము? ఆ తొలగింపు లెక్కలో జరుగునది, చేతితో జరుగునది కాదు. ఈ చరిత్ర ఒక పంక్తిలో ఇమిడిపోవును; అయినను పుస్తకములలో దానికి చోటు దొరకలేదు.

ప్రయోగశాలలో ఈ లోపము మరింత బాధించును. పై వలయమున 12 వోల్టులకు సీసపు సంచాయక ఘటములను, 6 వోల్టులకు నాలుగు టార్చి ఘటములను వాడితిమనుకొందము. రెండవ శాఖలోని 3 ఓములలో 1 ఓము ఆ టార్చి ఘటముల అంతర్నిరోధము. ఘటములను తీసివేసి తీగ కలిపినచో ఆ 1 ఓము కూడ వాటితోనే పోవును. అమ్మీటరు 1 ఆంపియరుకు బదులు 0.86 చూపును. రెండవ కొలతలో 1 ఆంపియరు వచ్చును, ఏలయన సీసపు ఘటముల అంతర్నిరోధము లెక్కకు రానంత స్వల్పము. మొత్తము 1.86, రెండును ఉన్నపుడు అమ్మీటరు చూపునది 2. నా విద్యార్థి దశలో ఇటువంటి తేడాయే వచ్చినది. మా ప్రయోగ పుస్తకములో అంతర్నిరోధమను మాట లేదు. నేను అంకెలు దిద్ది రికార్డులో వ్రాసితిని; మంచి మార్కులు వచ్చినవి. నిజమైన కొలతను పట్టుకొని ‘ఈ 0.14 ఎక్కడికి పోయినది?’ అని అడిగియుంటే అంతర్నిరోధమును ఆనాడే తెలిసికొనియుందును.

రెండవ చిక్కు సామర్థ్యమునకు సంబంధించినది. ప్రవాహములను కూడవచ్చును గనుక వేడిని కూడ కూడవచ్చునని విద్యార్థి తలచుట సహజము. ‘సామర్థ్యమునకు ఈ సిద్ధాంతము వర్తించదు’ అని పుస్తకము ఒక్క వాక్యముతో హెచ్చరించి ఊరకుండును. ఆ వాక్యమును అందరును కంఠస్థము చేయుదురు, నమ్మువారు తక్కువ. లెక్క చూపవలెను. 2 ఓముల నిరోధములో ఒక్కొక్క బ్యాటరీ ఒంటరిగా 2 వాట్లు కలిగించును, కూడినచో 4. నిజముగా 2 ఆంపియర్లు పోవుచున్నపుడు 8 వాట్లు. ఇప్పుడు ఒక బ్యాటరీని తిరగవేయుడు. ఒక ఆంపియరు ఇటు, ఒక ఆంపియరు అటు. నిరోధములో ప్రవాహము సున్న. కూడిక మాత్రము ఇంకను 4 వాట్లనే చెప్పును! ప్రవాహము లేని తీగ వేడెక్కుచున్నదనుట త్రాటియందు పామును చూచుటయే. వేడి ప్రవాహము యొక్క వర్గమునుబట్టి ఉండుటయే దీనికి కారణము. రెండు ప్రవాహముల మొత్తమును వర్గము చేసినపుడు వాటి గుణకారమునకు రెండింతలు అదనముగా వచ్చి చేరును. తిరగవేసినపుడు అదే తీసివేతగా మారును.

మూడవది చిన్నదే గాని తరచుగా జరుగునది. ప్రవాహము కంటికి కనబడుటకై కొన్ని పటములలో నిరోధమునకు బదులు బల్బును గీయుదురు. టంగ్‌స్టన్ తీగ చల్లగా ఉన్నపుడు దాని నిరోధము వెలుగుచున్నప్పటి దానిలో సుమారు పదవవంతే. ప్రవాహముతోపాటు నిరోధము మారుచుండగా మొదటి ఘాతపు సమీకరణము నిలువదు, సిద్ధాంతమును నిలువదు. డయోడు విషయమును ఇంతే.

ఉపాధ్యాయులకు ఒక సూచన. పై ప్రయోగమును తరగతిలో చేయునపుడు, టార్చి ఘటములు తీసిన చోట వట్టి తీగకు బదులు 1 ఓము నిరోధకమును పెట్టి అమ్మీటరును మరల చదివించుడు. 0.86 నుండి ముల్లు 1కి జరుగుటను పిల్లలు తమ కన్నులతో చూతురు.